గ్రామర్ తెలిసినా మాట్లాడేటప్పుడు తప్పులు ఎందుకు పోతున్నాయి, ఎలా సాధన చేయాలి

మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. పుస్తకంలో ఎక్సర్‌సైజులు చేస్తే పదికి తొమ్మిది కరెక్ట్ వస్తున్నాయి, మీటింగులో నోరు తెరిస్తే మాత్రం అవే తప్పులు మళ్లీ మళ్లీ దొర్లుతున్నాయి, ఇంకో పుస్తకం కొనాలా, రోజుకి ఎన్ని ఎక్సర్‌సైజులు చేయాలి, మాట్లాడుతుండగా తప్పు గుర్తొస్తే ఆగి దిద్దుకోవాలా వద్దా అని అడిగారు. నేను పదిహేనేళ్ల పైబడి ఉద్యోగాలు చేసుకునేవాళ్లకి ఇంగ్లీషు నేర్పుతున్నాను. అంతకుముందు నేనూ తెలుగు మీడియంలో చదువుకుని, పాతికేళ్ల వయసులో సరిగ్గా ఇదే అవస్థ పడ్డదాన్ని. కాబట్టి కాస్త పెద్ద సమాధానమే రాస్తున్నాను, ఓపిగ్గా చదవండి.

ముందు పుస్తకం సంగతి. ఇంకోటి కొనకండి. మీకు రూల్స్ తెలుసు, పదికి తొమ్మిది రావడమే అందుకు సాక్ష్యం. తేడా ఎక్కడ వస్తోందంటే, బ్లాంక్ అనేది మీ పనిలో సగం ముందే చేసిపెట్టేస్తుంది. "ఐ" తర్వాత ఒక గీత, ఆ తర్వాత "హియర్ ఫర్ ఫైవ్ ఇయర్స్" అని కనపడగానే ఇక్కడ టెన్స్ గురించి ఆలోచించాలని తెలిసిపోతుంది. పైగా చాప్టర్ పేరు ప్రెజెంట్ పర్ఫెక్ట్ అని ఉంటుంది కాబట్టి ఏం రాయాలో కూడా తెలిసిపోతుంది. మాట్లాడేటప్పుడు ఆ గీత ఎవరూ గీసి పెట్టరు. మనసులో ఒక తెలుగు మాట మెదులుతుంది, అది నోటిదాకా వచ్చేలోపు ఎక్కడ జాగ్రత్తపడాలో కూడా మనమే కనిపెట్టాలి, అదీ ఒక్క సెకనులో. ఆ పనిని మీరు ఇంతవరకు ఒక్కసారి కూడా సాధన చేయలేదు. చేయని పని రాలేదని బాధపడాల్సిన అవసరం లేదు.

చాలామంది దీనికి విరుగుడుగా "బాగా వినండి, అదే వచ్చేస్తుంది" అంటారు. వినడం చాలా అవసరం, కాదనను, కానీ అదొక్కటే సరిపోదు. కెనడాలో ఇంగ్లీషు మాట్లాడే ఇళ్ల పిల్లల్ని చిన్నప్పటి నుంచి ఫ్రెంచ్‌లో పాఠాలు చెప్పే బళ్లలో చదివించారు. ఏళ్ల తరబడి విన్నాక వాళ్లకి అర్థం చేసుకోవడం చక్కగా వచ్చింది, మాట్లాడితే మాత్రం గ్రామర్ తప్పులు అలాగే మిగిలిపోయాయి. మెరిల్ స్వెయిన్ అనే పరిశోధకురాలు 1985లో దీని గురించి రాస్తూ, నేర్చుకునేవాళ్లు సొంతంగా మాట కూర్చి చెప్పాల్సిన అవసరం పడాలని వాదించారు. నా క్లాసుల్లో చూసింది కూడా అదే. సబ్‌టైటిల్స్ లేకుండా సినిమాలు చూసేవాళ్లు కూడా "ఐ డోంట్ నో వేర్ ఈజ్ హీ" అంటూనే ఉంటారు, ఎందుకంటే అర్థం తెలిసిపోయాక చెవి మాటల వరుసని పట్టించుకోదు.

ఇక మొదటి పని. ఫోన్‌లో మూడు నిమిషాలు మీ మాట రికార్డ్ చేసుకోండి. ముందు ఏమీ రాసుకోవద్దు. ఒక నిమిషం నిన్న ఏం జరిగిందో, ఒక నిమిషం చిన్నప్పుడు మీ రోజులు ఎలా గడిచేవో, ఒక నిమిషం వచ్చే ఏడాది ఏం చేయాలనుకుంటున్నారో చెప్పండి. తర్వాత దాన్ని వింటూ, అన్న మాట అన్నట్టు కాగితం మీద రాయండి, "ఆఁ", "అంటే" లాంటివి కూడా వదలకుండా. మూడు నిమిషాల మాటకి అరగంట పైనే పడుతుంది, విసుగొస్తుంది, అయినా ఈ పని మాత్రం ఎగ్గొట్టకండి. రాయడం అయ్యాక తప్పనిపించిన ప్రతి చోటా కింద గీత గీయండి. గీతలు ముప్పై ఉన్నా తప్పుల రకాలు చూస్తే నాలుగో ఐదో తేలతాయి. నాకు తెలిసిన ప్రతి మనిషి విషయంలోనూ ఇలాగే జరిగింది.

ఆ నాలుగైదు రకాలూ గాల్లోంచి ఊడిపడినవి కావు. నేర్చుకునేవాడి తప్పులకి ఒక పద్ధతి ఉంటుందని, వాడి బుర్రలో ప్రస్తుతం ఏ లెక్క నడుస్తోందో అవి చూపిస్తాయని 1967లోనే కార్డర్ అనే భాషా పరిశోధకుడు రాశారు. మన విషయంలో ఆ లెక్క వెనక చాలాసార్లు ఒక మంచి తెలుగు వాక్యం ఉంటుంది. అది పట్టుకోగలిగితే సాధన ఎక్కడ మొదలుపెట్టాలో తెలుస్తుంది.

"నుంచి" అన్న మాట తీసుకోండి. "2019 నుంచి ఇక్కడ పనిచేస్తున్నాను" అంటాం. "ఐదేళ్ల నుంచి ఇక్కడ పనిచేస్తున్నాను" అని కూడా అంటాం. రెండిట్లోనూ అదే "నుంచి", అదే "చేస్తున్నాను". అందుకే "ఐ యామ్ వర్కింగ్ హియర్ సిన్స్ ఫైవ్ ఇయర్స్" అని ఠక్కున వచ్చేస్తుంది. తెలుగు లెక్కలో ఇందులో తప్పేమీ లేదు, అందుకే మనకి అది తప్పులా వినపడదు. ఇంగ్లీషు మాత్రం ఇక్కడ రెండు ప్రశ్నలు అడుగుతుంది. 2019 అనేది పని మొదలైన చోటు, ఐదేళ్లు అనేది దాని పొడవు. మొదలైన చోటుకి సిన్స్, పొడవుకి ఫర్. రెండో ప్రశ్న, పని అప్పుడు మొదలై ఇప్పటికీ సాగుతోందా అని. సాగుతుంటే "యామ్ వర్కింగ్" చాలదు, "హ్యావ్ బీన్ వర్కింగ్" కావాలి.

ఈ వివరణ మీకు ముందే తెలిసి ఉంటుంది. దాన్ని నోటికి ఎలా ఎక్కించాలో నా దగ్గర చదువుకున్న ఒకాయన నోట్‌బుక్కులో పేజీ గుర్తున్నంతవరకు చెప్తాను. ఆయన అకౌంట్స్‌లో పనిచేసేవాడు, మాట నెమ్మది, తప్పు పోతుందేమోనన్న టెన్షన్‌తో మీటింగుల్లో అసలు మాట్లాడేవాడు కాదు. పేజీని నిలువుగా మడిచి, ఎడమ వైపు తెలుగులో తన జీవితంలో నిజంగా ఉన్న విషయాలే పది రాసుకున్నాడు. "పొద్దున్నుంచి తలనొప్పిగా ఉంది." "రెండు గంటల నుంచి మా ఆవిడ ఫోన్ ఎత్తట్లేదు." "పెళ్లైనప్పటి నుంచి ఈ ఇంట్లోనే ఉంటున్నాం." "ఆరు నెలల నుంచి జీతం పెరుగుతుందని ఎదురుచూస్తున్నాను." కుడి వైపు వాటి ఇంగ్లీషు, నేను దిద్దాక. "ఐ హ్యావ్ హ్యాడ్ ఎ హెడేక్ సిన్స్ దిస్ మార్నింగ్." "మై వైఫ్ హజంట్ ఆన్సర్డ్ ద ఫోన్ ఫర్ టూ అవర్స్." "వియ్ హ్యావ్ లివ్డ్ ఇన్ దిస్ హౌస్ సిన్స్ వియ్ గాట్ మ్యారీడ్." "ఐ హ్యావ్ బీన్ వెయిటింగ్ ఫర్ ఎ రెయిజ్ ఫర్ సిక్స్ మంత్స్."

తర్వాత కాగితం మడత పెట్టి తెలుగు వైపు మాత్రమే కనపడేలా పెట్టుకుని, ఒక్కోటి చూసి, ఇంగ్లీషు పైకి అనాలి. మనసులో అనుకుంటే లెక్కలోకి రాదు, గొంతు పెగలాలి. ఆ తర్వాతే మడత తీసి చూడాలి. మొదటి రోజు ఆయనకి పదిలో నాలుగే సరిగ్గా వచ్చాయి. తలనొప్పి దగ్గర ప్రతిసారీ "ఐ యామ్ హ్యావింగ్ హెడేక్" అని వచ్చేది. ఆ ఒక్క వాక్యం మీద మేమిద్దరం పది నిమిషాలు కూర్చున్నాం. "నుంచి ఉంది" అని తెలుగులో అనుకున్నప్పుడల్లా హ్యావింగ్ వాడకుండా నేరుగా "హ్యావ్ హ్యాడ్" అనడం ఆయనకి నాలుగో రోజుకి గానీ రాలేదు. వచ్చాక ఇక పోలేదు.

ఇక్కడ రెండు సంగతులు గమనించండి. ఒకటి, వాక్యాలు ఆయనవే. పుస్తకంలో జాన్ ఎప్పటి నుంచి లండన్‌లో ఉంటున్నాడో మనకి అనవసరం, మీటింగులో జాన్ గురించి మాట్లాడం. సొంత విషయం అయితే అదే వాక్యం రేపు నిజంగా వాడే అవకాశం వస్తుంది. రెండోది, సాధన తెలుగు అర్థం దగ్గర మొదలైంది. "తెలుగులో ఆలోచించడం మానేయండి, ఇంగ్లీషులోనే ఆలోచించండి" అని చాలామంది సలహా ఇస్తారు, నాకు అది మొదటి నుంచీ నచ్చదు. ఆలోచన మన చేతుల్లో ఉండేది కాదు, టెన్షన్ పడినప్పుడు తెలుగే ముందొస్తుంది. అలా వచ్చిన తెలుగు మాటకి సరైన ఇంగ్లీషు ప్యాటర్న్ ముడిపడి ఉండేలా చేసుకోవడం మన చేతుల్లో ఉంది.

మొదటి వారం ఇలా ఒకే ప్యాటర్న్ చేయండి. రెండో వారం దాని పక్కనే ఉండే, దానితో కలిసిపోయే ఇంకోదాన్ని తెచ్చి కలపండి. ఉదాహరణకి "అక్కడ ఐదేళ్లు పనిచేశాను", ఇప్పుడు లేను అనుకోండి. ఇక్కడ ఫర్ ఉంటుంది, హ్యావ్ ఉండదు, "ఐ వర్క్‌డ్ దేర్ ఫర్ ఫైవ్ ఇయర్స్" అంతే. ఫర్ కనపడగానే హ్యావ్ పెట్టేయడం అలవాటైనవాళ్లు ఇక్కడ బోల్తా పడతారు. ఆ ప్రశ్నని కూడా కలపండి: "ఎప్పటి నుంచి ఇక్కడుంటున్నారు?" దీనికి "సిన్స్ వెన్" అని మొదలుపెడితే కొన్నిసార్లు నిలదీసినట్టు వినిపిస్తుంది, మామూలుగా అడగాలంటే "హౌ లాంగ్ హ్యావ్ యూ లివ్‌డ్ హియర్?" అనాలి. మూడు రకాలూ కలిపి, వరుస మార్చి చేస్తే స్కోరు పడిపోతుంది. పడనివ్వండి. ఏది ఎప్పుడు వాడాలో ఎంచుకోవడం అప్పుడే అలవాటవుతుంది, బ్లాంకుల్లో మీకు దొరకనిది అదే.

ఎన్ని రోజులకోసారి చేయాలన్నది కూడా ముఖ్యమే. ఒకే ఆదివారం మూడు గంటలు కూర్చోవడం కంటే రోజుకి పదిహేను నిమిషాలు మేలు. నేర్చుకున్నదాంట్లో ఎక్కువ భాగం మొదట్లోనే వేగంగా జారిపోతుందని, ఆ తర్వాత మరుపు నెమ్మదిస్తుందని జర్మనీకి చెందిన మనస్తత్వ శాస్త్రవేత్త ఎబ్బింగ్‌హౌస్ తన మీద తానే ప్రయోగాలు చేసుకుని 1885లో ప్రచురించారు. అందుకే ఈ రోజు చేసింది రేపు ఒకసారి, మూడు రోజులకి ఒకసారి, వారానికి, మళ్లీ రెండు మూడు వారాలకి చూడాలి. కార్డుల మీద రాసుకునే అలవాటుంటే ఇంకా తేలిక. 1972లో సెబాస్టియన్ లైట్నర్ ప్రచారంలోకి తెచ్చిన పెట్టె పద్ధతిలో సరిగ్గా వచ్చిన కార్డు వెనక అరలోకి, అంటే ఇంకా ఆలస్యంగా చూసే అరలోకి వెళ్తుంది, తప్పిన కార్డు మళ్లీ మొదటి అరలోకి వస్తుంది. ఆంకి లాంటి యాప్స్ చేసేది దాదాపు ఇదే. ఏది వాడినా కార్డు ముందు వైపు తెలుగు వాక్యం ఉండాలి, రూల్ పేరు కాదు.

ఇప్పుడు మన తెలుగువాళ్లని బాగా ఏడిపించే మిగతా ప్యాటర్న్‌లు కొన్ని చెప్తాను, మీ గీతల్లో ఇవి కచ్చితంగా ఉంటాయి.

"వాడు ఎక్కడున్నాడో తెలియదు." చివర ఆ "ఓ" చూశారా? "వాడు ఎక్కడున్నాడు?" అనేది ప్రశ్న, "ఎక్కడున్నాడో" అనేది ఇంకో వాక్యంలో ఇమిడిపోయిన ప్రశ్న. మన భాష ఆ తేడాని ఒక్క "ఓ"తో చూపిస్తుంది. ఇంగ్లీషు మాటల వరుసతో చూపిస్తుంది: "వేర్ ఈజ్ హీ?" అనేది "ఐ డోంట్ నో వేర్ హీ ఈజ్" అవుతుంది. నేను నా క్లాసులో చెప్పేది ఒకటే, తెలుగులో క్రియ చివర "ఓ" వినపడిందంటే ఇంగ్లీషులో ప్రశ్న వరుస తిరగేయకండి, డు, డజ్, డిడ్ తెచ్చి పెట్టకండి. "మీటింగ్ ఎన్నింటికో చెప్తారా?" అంటే "కుడ్ యూ టెల్ మీ వాట్ టైమ్ ద మీటింగ్ స్టార్ట్స్?" "వస్తాడో రాడో" అంటే "వెదర్ హీ విల్ కమ్". "ఏమన్నాడో వినపడలేదు" అంటే "ఐ డిడంట్ హియర్ వాట్ హీ సెడ్". దీనికి సాధన కూడా జంటలుగానే: ముందు మామూలు ప్రశ్న పైకి అనండి, వెంటనే దానికి ముందు "ఐ డోంట్ నో" గానీ "కెన్ యూ టెల్ మీ" గానీ తగిలించి మళ్లీ అనండి. ఇరవై ప్రశ్నలు అలా రోజుకి ఐదు నిమిషాలు చేస్తే రెండు వారాల్లో చెవికి తప్పు వరుస ఎబ్బెట్టుగా వినపడటం మొదలవుతుంది.

తర్వాత యెస్, నోల గొడవ. చిన్న విషయంలా కనపడుతుంది గానీ నష్టం చేస్తుంది. నా దగ్గరకి వచ్చిన ఒకమ్మాయిని వాళ్ల మేనేజర్ ఫోన్‌లో "హావెంట్ యూ సెంట్ ద రిపోర్ట్?" అని అడిగాడట. ఈమె "యెస్" అంది. మన లెక్కలో అది "అవును, పంపలేదు". ఆయన లెక్కలో "పంపేశాను". ఆయన క్లయింటుకి రిపోర్ట్ వచ్చేసిందని చెప్పేశాడు, మర్నాడు ఈమె మాట మీద నమ్మకం పోయింది. పాపం ఆమె అబద్ధం చెప్పలేదు, తెలుగులో సమాధానం చెప్పింది. తెలుగులో మనం అవతలివాళ్ల మాటని ఒప్పుకుంటున్నామా లేదా అన్నది చూసి "అవును" అంటాం. ఇంగ్లీషులో అడిగిన తీరుతో పనిలేదు, పని జరిగితే యెస్, జరగకపోతే నో. దీన్ని ఒంటరిగా సాధన చేయలేరు, ఎవరైనా పక్కన కూర్చుని "డిడంట్ యూ స్లీప్?", "ఆరంట్ యూ కమింగ్?", "డోంట్ యూ నో హిమ్?" అంటూ గబగబా అడుగుతుండాలి. యెస్ దగ్గరో నో దగ్గరో ఎప్పుడూ ఆగకుండా తోక కూడా చెప్పడం అలవాటు చేసుకోండి: "నో, ఐ హావెంట్." తోక సరిగ్గా ఉంటే తల పొరపాటైనా అవతలివాళ్లకి అర్థమవుతుంది.

చాలా తక్కువమంది గమనించేది ఇంకోటి ఉంది. "నేను కూర్చున్న కుర్చీ." దీన్ని విడదీస్తే "కుర్చీ మీద కూర్చున్నాను". మరి "మీద" ఏమైంది? తెలుగులో ఇలా కలిపినప్పుడు మీద, లో, తో, కి లాంటివి మాయమైపోతాయి, విన్నవాడు సందర్భాన్ని బట్టి అర్థం చేసుకుంటాడు. ఇంగ్లీషులో అవి మాయం కాకూడదు, చివరికి జరుగుతాయి. "ద చెయిర్ ఐ శాట్ ఆన్", "ద హౌస్ వియ్ లివ్ ఇన్", "ద పెన్ ఐ రోట్ విత్", "ద పర్సన్ ఐ స్పోక్ టు". మనవాళ్లు "ద పర్సన్ ఐ స్పోక్" అని ఆపేస్తారు. ఇలాంటిది చెప్పబోయేటప్పుడు మొదట్లో రెండు మెట్లుగా చేయండి. ముందు విడదీసిన వాక్యం పైకి అనండి, "ఐ స్పోక్ టు ద పర్సన్". ఆ "టు" మీద కాస్త నొక్కండి. తర్వాత కలపండి. వారం పోయాక మొదటి మెట్టు మీకే అవసరం ఉండదు.

ఇఫ్ వాక్యాల్లో అసలు చిక్కు రూల్‌లో కాదు, మన భాషలో ఒకే రూపం రెండు కాలాలకి పనిచేయడంలో ఉంది. "నీ స్థానంలో నేనుంటే ఒప్పుకునేదాన్ని కాదు" అంటే ఇప్పటి మాటా, అయిపోయిన మాటా? సందర్భాన్ని బట్టి రెండూ కావచ్చు. ఇంగ్లీషులో ఎంచుకోక తప్పదు. నువ్వింకా నిర్ణయం తీసుకోలేదు అయితే "ఇఫ్ ఐ వర్ యూ, ఐ వుడంట్ అగ్రీ". నువ్వు పోయిన నెలే ఒప్పేసుకున్నావు అయితే "ఇఫ్ ఐ హ్యాడ్ బీన్ ఇన్ యువర్ ప్లేస్, ఐ వుడంట్ హ్యావ్ అగ్రీడ్". కాబట్టి కార్డు మీద తెలుగు వాక్యం ఒక్కటే రాస్తే సరిపోదు, పక్కన "ఇప్పుడు" అనో "అయిపోయింది" అనో రాసుకోవాలి. అయిపోయిన వాటికి నాకు బాగా పనికొచ్చిన సాధన, ఆ రోజు జరిగినవాటిలో మూడింటి గురించి రాత్రి పడుకునే ముందు "ముందే తెలిసుంటే ఇలా చేసేదాన్ని" అని ఇంగ్లీషులో పైకి చెప్పుకోవడం. "ఇఫ్ ఐ హ్యాడ్ లెఫ్ట్ ఎర్లియర్, ఐ వుడ్ హ్యావ్ కాట్ ద బస్." రోజూ మూడు దొరుకుతాయి, లోటుండదు. వినేటప్పుడు ఇంకో సంగతి తెలిసి ఉండాలి, మామూలు మాటల్లో హ్యాడ్, వుడ్ రెండూ కుదించుకుపోయి ఒకేలా వినిపిస్తాయి. "ఇఫ్ ఐడ్ నోన్, ఐడ్ హ్యావ్ కమ్" అన్నప్పుడు మొదటి ఐడ్‌లో ఉన్నది హ్యాడ్, రెండో దాంట్లో ఉన్నది వుడ్. అందుకే ఎన్నిసార్లు విన్నా మనకి ప్యాటర్న్ పట్టుబడదు, అక్కడ ఏముందో ముందే తెలిస్తే తప్ప.

కొన్ని చోట్ల తెలుగే మనకి సాయం చేస్తుంది, దాన్ని వాడుకోవాలి. "సోమవారంకల్లా పంపండి", "సోమవారం దాకా ఉంటాను" అన్న తేడా మనకి పుట్టుకతో తెలుసు. మొదటిది బై, రెండోది అన్‌టిల్. అయినా మనవాళ్లు "సబ్మిట్ ఇట్ అన్‌టిల్ మండే" అని రాస్తారు, ఇంగ్లీషు రూల్ వెతుక్కోవడమే తప్ప తెలుగుని అడగరు. అలాగే "రోజూ నడిచేదాన్ని" అంటే "ఐ యూస్డ్ టు వాక్", "నడవడం నాకు అలవాటే" అంటే "ఐ యామ్ యూస్డ్ టు వాకింగ్". తెలుగులో ఈ రెండూ ఎవరికీ కలిసిపోవు.

ఆర్టికల్స్ గురించి మాత్రం నిజం చెప్పాలి, అవి చాలా ఏళ్లు పడతాయి, ఎందుకంటే మన భాషలో ఆ లెక్కే లేదు, పట్టుకోవడానికి పిడి దొరకదు. కార్డులతో వాటికి పెద్దగా లాభం ఉండదని నా అనుభవం. బదులుగా ఇలా చేయండి: మంచి ఇంగ్లీషులో ఉన్న ఒక పేరా, నూటయాభై మాటలకి మించకుండా, ఎ, యాన్, ద అన్నీ తీసేసి రాసుకోండి. బ్లాంకులు కూడా వదలకండి, అవి ఉన్న ఆనవాలే ఉండకూడదు. రెండు రోజులాగి వాటిని మీరే తిరిగి పెట్టండి, తర్వాత అసలు పేరాతో పోల్చండి. తేడా వచ్చిన ప్రతి చోటా ఒకటే ప్రశ్న వేసుకోండి, "ఏది అన్నది చదివేవాడికి ఇప్పటికే తెలుసని రాసినాయన అనుకుంటున్నాడా?" తెలుసనుకుంటే ద. చాలా తేడాలు అక్కడే తేలిపోతాయి. వారానికి ఒక్క పేరా చాలు.

హీ, షీ తర్వాత క్రియకి చేర్చే ఆ ఎస్ గురించి అందరూ సిగ్గుపడతారు, "ఇంత చిన్నది కూడా రావట్లేదు" అని. 1974లో డ్యూలే, బర్ట్ అనే ఇద్దరు పరిశోధకులు స్పానిష్, చైనీస్ మాట్లాడే పిల్లల ఇంగ్లీషుని పరిశీలించారు. ఐఎన్‌జీ త్వరగా పట్టుబడింది, ఈ ఎస్ మాత్రం ఆలస్యంగా వచ్చే వాటిలో ఉంది. రెండు భాషల పిల్లలకీ దాదాపు అదే వరుస. కాబట్టి దీన్ని మీ జాబితాలో మొదట పెట్టకండి. ఎస్ వదిలేసినా అవతలివాళ్లకి అర్థమవుతుంది, యెస్ తప్పుగా అంటే రిపోర్ట్ పంపినట్టవుతుంది. ముందు అర్థం చెడగొట్టే తప్పులు చూసుకోండి.

ఒక ప్యాటర్న్ కార్డుల మీద నిలకడగా వస్తోందనిపించాక దాన్ని వేగానికి అలవాటు చేయాలి. దీనికి 4/3/2 అనే పద్ధతి ఉంది. ఒకే విషయాన్ని ముందు నాలుగు నిమిషాల్లో, తర్వాత మూడు, తర్వాత రెండు నిమిషాల్లో చెప్పాలి, ప్రతిసారీ వేరే మనిషికి చెప్తే ఇంకా మంచిది, లేకపోతే ఫోన్‌కే చెప్పండి. విషయం ఎంచుకునేటప్పుడే మీ ప్యాటర్న్ అవసరం పడేలా చూసుకోండి, "ఈ ఉద్యోగంలో ఇప్పటివరకు ఏమేం చేశాను" అన్నది ప్రెజెంట్ పర్ఫెక్ట్‌కి చక్కగా సరిపోతుంది. మొదటిసారి తడబడిన చోట్లు మూడోసారికి సాఫీగా పోవడం మీకే తెలుస్తుంది.

ఏఐ చాట్ టూల్స్ వాడొచ్చా అని కూడా చాలామంది అడుగుతున్నారు. వాడండి, కానీ మీ పేరా ఇచ్చి "కరెక్ట్ చేయి" అనకండి. అది మొత్తం తిరగరాసి అందంగా ఇస్తుంది, మీరు "ఆహా" అనుకుని కిందికి జరిపేస్తారు, ఏదీ బుర్రకెక్కదు. "తప్పున్న వాక్యాల నెంబర్లు మాత్రం చెప్పు, తప్పేంటో చెప్పకు" అనండి. మీరే వెతికి దిద్ది, ఆ తర్వాత సరిచూసుకోండి. వెతికే ఆ రెండు నిమిషాల్లోనే అసలు నేర్చుకోవడం జరుగుతుంది. ఒక్కోసారి అది లేని తప్పు కూడా చూపిస్తుంది. ఉదాహరణకి "డిడ్ యూ ఈట్ యెట్?" అనేది అమెరికాలో మామూలు మాట, బ్రిటన్‌లో ఎక్కువగా "హ్యావ్ యూ ఈటెన్ యెట్?" అంటారు. ఇలాంటి చోట కంగారు పడకండి.

చివరిగా మీరు అడిగింది, మాట్లాడుతుండగా తప్పు గుర్తొస్తే ఆగాలా అని. ఆ రెండు వారాలు మీరు సాధన చేస్తున్న ప్యాటర్న్‌లో తప్పు పోతే ఆగండి, ఆ వాక్యం ఒక్కటీ సరిగ్గా మళ్లీ అనండి, సారీ చెప్పకుండా ముందుకి పోండి. "ఐ యామ్ వర్కింగ్, ఐ హ్యావ్ బీన్ వర్కింగ్ హియర్ ఫర్ ఫైవ్ ఇయర్స్" అంటే వినేవాళ్లు ఎవరూ పట్టించుకోరు, ఇంగ్లీషు పుట్టుకతో వచ్చినవాళ్లు కూడా మాట మధ్యలో ఇలా దిద్దుకుంటూనే ఉంటారు. మిగతా తప్పులు ఎన్ని గుర్తొచ్చినా వదిలేయండి, వాటి వంతు వచ్చే వారాల్లో వస్తుంది. అన్నీ ఒకేసారి కాపలా కాయబోతే మాట పెగలదు, మా అకౌంట్స్ ఆయన అన్నేళ్లు మీటింగుల్లో నోరు విప్పకపోవడానికి కారణం అదే. ఆయన మొదటిసారి మాట్లాడిన రోజు నాకు ఫోన్ చేసి, రెండు "ద"లు, ఒక ఎస్ మింగేశానని, "సిన్స్" మాత్రం సరిగ్గా పడిందని చెప్పాడు.